బేరానికి రాని యజమాని

2004 అక్టోబరు 26. సైప్రస్ ద్వీపం ఉత్తర తీరంలో లప్తా అనే ఊరు. కొత్తగా కట్టుకున్న ఒక విల్లాకు ఎవరో ఒకాయన వచ్చాడు. ఇంగ్లండు నుంచి వచ్చి అక్కడ ఇల్లు కట్టుకున్న దంపతుల్లో భార్య అప్పుడు ఇంట్లో ఉంది. వచ్చినాయన తానెవరో చెప్పలేదు, ఎందుకొచ్చాడో చెప్పలేదు. కొన్ని కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు. ముట్టినట్టు సంతకం పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆయన వెళ్లిపోయాడు.

కాగితాల నిండా గ్రీకు అక్షరాలు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాలకం చూస్తే కోర్టు కాగితాల్లా ఉన్నాయని మాత్రం పోల్చుకుంది.

వాటిలో ఉన్నది ఇదీ: పది రోజుల్లోగా నికోసియా జిల్లా కోర్టులో హాజరు వేయించుకోకపోతే మీ మాట వినకుండానే తీర్పు చెబుతారు.

ఇల్లు కట్టి చూడమని మన పెద్దలు ఊరికే అనలేదు. మేస్త్రీలు, సిమెంటు, నీళ్లు, అనుమతులు, ఇలా కట్టేటప్పటి కష్టాలు ఎవరికైనా తెలిసినవే. ఆ దంపతుల కష్టం అవన్నీ గట్టెక్కాక మొదలైంది.

కైరీనియా అనే రేవు పట్టణానికి పడమటగా సుమారు 14 కిలోమీటర్ల దూరంలో ఉంది ఆ ఊరు. వెనక కొండలు, ముందు మధ్యధరా సముద్రం, మధ్యలో ఊటనీళ్లతో పండే నిమ్మతోటలు. ఊరికి రెండు పేర్లు. గ్రీకులో లాపిథోస్, టర్కిష్‌లో లప్తా. ఆ కొండల వరుసలో ఐదు వేళ్లు చాచినట్టుండే శిఖరం ఒకటుంది. గ్రీకువాళ్లు దాన్ని పెంటడాక్టిలోస్ అంటారు, టర్కులు బెష్‌పర్మాక్ అంటారు. రెండు మాటలకూ అర్థం ఐదు వేళ్లే. కొండ పేరు దగ్గర కుదిరిన పొత్తు, కొండ కింది నేల దగ్గరికొచ్చేసరికి కుదరలేదు.

ఈ తీరంలో ఇల్లు కొనాలన్న మోజు ఇంగ్లీషువాళ్లకు కొత్తది కాదు. సైప్రస్ బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో, 1953లో, లారెన్స్ డరెల్ అనే రచయిత కైరీనియా పైనున్న బెలాపాయిస్ గ్రామంలో ఒక పాత ఇల్లు కొన్నాడు. ఆ అనుభవాలతో 1957లో 'బిట్టర్ లెమన్స్' అనే పుస్తకం అచ్చువేశాడు. పేరుకు అర్థం చేదు నిమ్మకాయలని. అందులో ఇల్లు బేరమాడే ఘట్టం చదివి నవ్వుకోనివారుండరు. అమ్మే ఆవిడ చెప్పులు కుట్టే ఆయన భార్య. బేరం కుదిర్చే దళారి ఒక టర్కు. ఆవిడ అరుపులు, అలకలు, బంధుగణం హడావుడి, ఇంత రభసా అయ్యాక గానీ ఇల్లు చేతులు మారదు. మన ఊళ్లలో పొలం అమ్మకం చూసినవాళ్లకు ఇదంతా సొంతింటి వ్యవహారంలాగే అనిపిస్తుంది.

ఆ గోలలో ఒక భద్రత ఉంది. ఇల్లు ఎవరిదో వాళ్లే ఎదురుగా కూర్చుని ఉన్నారు. అమ్మడం ఇష్టమో కాదో వాళ్ల నోటితో వాళ్లే చెబుతున్నారు.

యాభై ఏళ్లు కూడా తిరగకముందే, 2002లో, మన కథలోని దంపతులు లప్తాలో స్థలం కొన్నారు. వాళ్లతో బేరమాడినవాడు ఆ స్థలాన్ని అంతకు ముందు స్థానిక చట్టాల ప్రకారమే సంపాదించాడు. కాగితాలున్నాయి. తాము సదుద్దేశంతోనే కొన్నామని దంపతులు తరవాత కోర్టుల్లో చెప్పుకున్నారు. లేనిదల్లా ఒక్కటే. పాత రిజిస్టరులో ఆ నేల ఎవరి పేరున ఉందో ఆ కుటుంబం బేరం దగ్గర లేదు. వాళ్లను ఎవరూ పిలవలేదు.

పిలవకపోవడానికి కారణం 1974లో ఉంది.

ఆ ఏడాది జులై 15న, గ్రీసులోని సైనిక పాలకుల అండతో సైప్రస్‌లో ప్రభుత్వాన్ని కూలదోశారు. ద్వీపాన్ని గ్రీసులో కలిపేయాలన్నది వాళ్ల పథకం. ఐదు రోజులకు, జులై 20న, టర్కీ సైన్యం కైరీనియా పక్కనే తీరంలో దిగింది. ఆగస్టు గడిచేసరికి ద్వీపంలో మూడో వంతుకు పైగా ఆ సైన్యం చేతిలో ఉంది. ఉత్తరాన ఉన్న గ్రీకు సైప్రియట్లు 1,60,000 మందికి పైగా ఇళ్లొదిలి దక్షిణానికి పోయారు. దక్షిణాన ఉన్న టర్కిష్ సైప్రియట్లు 40,000 మందికి పైగా ఉత్తరానికి వచ్చారు. వాళ్లకూ ఇది తొలి వలస కాదు. 1963 డిసెంబరులో రెండు వర్గాల మధ్య చెలరేగిన అల్లర్ల నాడే వేలమంది టర్కిష్ సైప్రియట్లు కట్టుబట్టలతో ఊళ్లు విడిచారు. అటు పోయినవాళ్లలోనూ ఇటు వచ్చినవాళ్లలోనూ చాలామంది ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునే కదిలారు. నాలుగు రోజుల్లో సద్దుమణిగితే తిరిగి రావచ్చనుకున్నారు.

సద్దుమణగలేదు. మధ్యలో గీత పడింది, ఐక్యరాజ్యసమితి దళాలు కాపలా నిలిచాయి. ఉత్తర భాగం 1983 నవంబరు 15న తనను తాను ఉత్తర సైప్రస్ టర్కిష్ రిపబ్లిక్‌గా ప్రకటించుకుంది. టర్కీ తప్ప మరే దేశమూ దాన్ని గుర్తించలేదు. ఈ మాట పుస్తకాల్లో దౌత్యం సంగతిలా కనిపిస్తుంది గానీ, ఇల్లు కొనేవాడికి అది పునాది సంగతి. గుర్తింపు లేని ప్రభుత్వం ఇచ్చే పట్టాకు ఆ గీత అవతల విలువేమిటి?

పట్టాను అక్కడ కోచాన్ అంటారు. కోచాన్లలో రకాలున్నాయి. 1974కు ముందే టర్కుల పేరునో విదేశీయుల పేరునో ఉన్న భూమిది ఒక రకం. దానికి పేచీ లేదు, ధరా ఎక్కువే. దక్షిణంలో ఆస్తి పోగొట్టుకుని వచ్చినవాడికి బదులుగా ఉత్తరంలో ఇచ్చినది ఇంకో రకం. టర్కీ నుంచి తెచ్చి స్థిరపరచిన వాళ్లకు కేటాయించినది మూడో రకం. ఈ చివరి రెండూ చాలావరకు గ్రీకు సైప్రియట్లు వదిలిపోయిన భూములే. అవి చవక. దళారి చెప్పే మాట ఎక్కడైనా ఒకటే: కాగితం పక్కా, మీకెందుకు సార్, అందరూ కొంటున్నారు. ఒకే కొండ కింద, ఒకే సముద్రం ముందు, పక్కపక్కనున్న రెండు స్థలాలకు ధరలో అంత తేడా ఎందుకొచ్చిందని కొనేవాడు దళారిని నిలదీయలేదు. చవక దొరికిందన్న సంతోషం ఆ ప్రశ్నను నోటిదాకా రానివ్వలేదు.

హెచ్చరిక లేదనడానికీ లేదు. కైరీనియాలో పెరిగిన ఒక గ్రీకు సైప్రియట్ మహిళ, తన భూమి దగ్గరికి తనను పోనివ్వడం లేదని టర్కీ మీద కేసు వేస్తే, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1996లో ఆమే ఇప్పటికీ చట్టబద్ధమైన యజమాని అని తేల్చింది. అంటే మన దంపతులు స్థలం కొనడానికి ఆరేళ్ల ముందు. ఆ తీర్పు దళారుల రంగుల కరపత్రాల్లో ఉండదు. ఇంగ్లండు నుంచి విమానం ఎక్కితే నేరుగా ఉత్తర సైప్రస్‌లో దిగడం కూడా కుదరదు, టర్కీలో ఒకసారి ఆగాల్సిందే. ఆ మజిలీని అలసట అనుకున్నారు గానీ ఆనవాలు అనుకోలేదు.

దంపతులు ఆ స్థలంలో విల్లా కట్టారు, ఈతకొలను తవ్వించారు, చుట్టూ కంచె వేయించారు. 1,60,000 పౌండ్ల దాకా ఖర్చయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. మబ్బు పట్టిన ఇంగ్లండు చలికాలాల నుంచి తప్పించుకుని, మిగిలిన వయసు ఎండలో గడపాలన్నది వాళ్ల కోరిక. అందులో తప్పేముంది? వయసు మళ్లాక ఒక పెరడు, ఒక అరుగు కావాలనుకోని వాళ్లెవరు?

2003 ఏప్రిల్ 23న ఎవరూ ఊహించని పని జరిగింది. ఉత్తరాది పాలకులు గీత మీది దారులు తెరిచారు. ఇరవై తొమ్మిదేళ్ల తరవాత జనం అటూ ఇటూ నడిచారు. చెక్‌పోస్టుల దగ్గర గంటల తరబడి వరసలు. ముసలివాళ్లు తమ ఇళ్లు వెతుక్కుంటూ పోయి తలుపు తట్టారు. కొన్ని ఇళ్లలో లోపలున్నవాళ్లు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు, ఇన్నేళ్లూ దాచి ఉంచిన ఫొటోల ఆల్బములు తిరిగిచ్చారు, పెరట్లో కాయలు కోసి సంచిలో పోశారు. కొన్నిచోట్ల తలుపు తెరుచుకోలేదు. కొన్నిచోట్ల ఇల్లే లేదు.

అలా గీత దాటి వచ్చినవాళ్లలో లాపిథోస్‌లో భూమి ఉన్న ఒక ఆర్కిటెక్టు ఉన్నాడు. 1974లో ఆయన కుటుంబం ఊరు విడిచింది. తిరిగొచ్చి చూస్తే తమ నేలలో విల్లా, నీలం నీళ్ల కొలను, చుట్టూ కంచె. యజమాని ఇప్పుడు వచ్చాడు. బేరం ముగిశాక.

2004 ఏప్రిల్ 24న ద్వీపాన్ని మళ్లీ ఒకటి చేసే ఐక్యరాజ్యసమితి ప్రణాళిక మీద రెండు వైపులా ఓటింగు జరిగింది. ఉత్తరంలో 65 శాతం సరేనన్నారు, దక్షిణంలో 76 శాతం వద్దన్నారు. ప్రణాళిక పోయింది. సరిగ్గా వారానికి, మే 1న, దక్షిణాన్ని పాలించే సైప్రస్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. కథ మలుపు ఇక్కడే ఉంది. అప్పటిదాకా ఆ రిపబ్లిక్‌కు చెందిన నికోసియా కోర్టు ఏం తీర్పు చెప్పినా గీత దగ్గరే ఆగిపోయేది. యూనియన్‌లో చేరాక ఒక సభ్యదేశం కోర్టు ఇచ్చిన తీర్పును ఇంకో సభ్యదేశం అమలు చేయాలి. లప్తాలోని విల్లా మీద ఆ కోర్టు చెయ్యి పడదు. అప్పట్లో బ్రిటన్ కూడా సభ్యదేశమే కాబట్టి ఇంగ్లండులోని సొంతింటి మీద పడే వీలొచ్చింది.

ఇక ఆ ఆర్కిటెక్టు నికోసియా కోర్టులో వేసిన దావా తాలూకు గ్రీకు కాగితాల సంగతి.

గడువు పది రోజులు. గ్రీకు చదవగలిగి, దక్షిణాది కోర్టులో వాదించే అర్హత ఉన్న వకీలు కావాలి. గీతకు ఇవతల అలాంటివాడు దొరకడమే కష్టం. ఆమె వెతికి వెతికి ఒకర్ని పట్టేసరికి నవంబరు 5 వచ్చింది. కాగితాలు తర్జుమా చేస్తాననీ, 8వ తేదీన కోర్టులో హాజరు వేస్తాననీ ఆ వకీలు మాటిచ్చాడు. 8న హాజరు పడలేదు. 9న కోర్టు ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చేసింది. అదే రోజు ఆమె తరఫు వకీలు వకాల్తా దాఖలు చేయబోతే కోర్టు తీసుకోలేదు. కారణం, అది ఇంగ్లీషులో ఉంది. ఆ కోర్టులో చెల్లే భాషలు గ్రీకు, టర్కిష్.

ఊరి భాష టర్కిష్, నోటీసు భాష గ్రీకు, వకాల్తా భాష ఇంగ్లీషు. ఒక ఇల్లు ఆ మూడింటి సందులో పడి పోయింది.

తీర్పు ఇలా ఉంది. విల్లా, ఈతకొలను, కంచె కూల్చేయాలి. స్థలాన్ని ఖాళీ చేసి వెంటనే అప్పగించాలి. ఇన్నాళ్లూ వాడుకున్నందుకు నష్టపరిహారం, అప్పగించేదాకా నెలనెలా బాడుగ, వాటిపై వడ్డీ కట్టాలి. కోర్టు ఖర్చులు కూడా. ఈ తీర్పు కొట్టేయమని పెట్టుకున్న అర్జీని 2005 ఏప్రిల్‌లో తోసిపుచ్చారు. సైప్రస్ సుప్రీంకోర్టులో అప్పీలు 2006 డిసెంబరులో పోయింది.

ఆ తీర్పును ఇంగ్లండులో అమలు చేయించమని ఆర్కిటెక్టు అడగడంతో వ్యాజ్యం లండన్ చేరింది. దంపతుల తరఫున వాదించినవాళ్లలో అప్పటి బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ భార్య, పేరున్న న్యాయవాది షెరీ బూత్ ఉన్నారు. దాంతో ఒక పెరటి తగాదా పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. 2006 సెప్టెంబరులో హైకోర్టు దంపతుల వైపు మొగ్గింది. ఉత్తర సైప్రస్‌లో యూనియన్ చట్టాలు నిలిపివేసి ఉన్నాయి కాబట్టి నికోసియా తీర్పును ఇంగ్లండులో అమలు చేయనక్కర్లేదన్నది. ఉత్తరాన బిల్డర్లు, కొన్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అది కొద్దినాళ్ల ఊరటే అయింది. అవతలి పక్షం అప్పీలుకు పోతే, అప్పీలు కోర్టు ఆ చిక్కుముడిని లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి పంపింది. 2009 ఏప్రిల్ 28న జవాబు వచ్చింది. భూమి ఉన్న ప్రాంతం మీద ప్రభుత్వానికి పట్టు లేకపోయినా, ఆ ప్రభుత్వపు కోర్టు ఇచ్చిన తీర్పును మిగతా సభ్యదేశాలు గుర్తించాల్సిందే. 2010 జనవరి 19న ఇంగ్లండు అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది.

అంతటితో అయిపోయింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఎండకోసం కొన్న నేల, ఇంగ్లండులోని ఇంటి గుమ్మం దాకా అప్పును తెచ్చిపెట్టింది.

మరి గెలిచినాయనకు ఏం దక్కింది? తీర్పు చేతికొచ్చింది. నేల మాత్రం ఆ కోర్టు అధికారం చేరని అవతలి వైపే ఉంది. కూల్చేయమని ఆజ్ఞ ఉన్నా కూల్చడానికి అమీనా అక్కడికి పోలేడు. దంపతులది జీవితకాలపు సొమ్ము, ఆయనది పుట్టినూరు. నేలకు ఇద్దరు బాధితులు, ఆ నేల వారిద్దరిలో ఎవరికీ నిశ్చింతగా మిగల్లేదు. నిజానికి ఈ ఇద్దరి మధ్యా పగ లేదు, పరిచయమే లేదు. వీళ్లిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టిన సైన్యాలు, ప్రభుత్వాలు, దళారులు ఆ బోనులో కనిపించరు.

ఆ తీరంలో విషాదం ఈ ఒక్క ఇంటితో ఆగలేదు. విదేశీయుడి పేరున పట్టా మారాలంటే అక్కడి మంత్రిమండలి అనుమతి కావాలి. అది రావడానికి ఏళ్లు పట్టేది. ఆ లోపల స్థలం బిల్డరు పేరునే ఉంటుంది. లప్తాకు దగ్గర్లోనే ఉన్న కర్షియాకా గ్రామంలో, ఇళ్లకు పూర్తి డబ్బు కట్టించుకున్న ఒక బిల్డరు వాటి కింది భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెచ్చాడు. అప్పు తీర్చలేదు. బ్యాంకు వేలానికి దిగినప్పుడు గానీ ఆ ఇళ్లలో కాపురముంటున్న వాళ్లకు తాము తాకట్టు సొమ్ములో కూర్చున్నామని తెలియలేదు.

గీతకు దక్షిణాన, ప్రపంచమంతా గుర్తించిన రిపబ్లిక్‌లో కొన్నవాళ్లు మాత్రం సుఖంగా ఉన్నారా? అక్కడా వేల మంది డబ్బంతా కట్టి, ఏళ్ల తరబడి టైటిల్ డీడ్ రాక కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. డెవలపరు భూమి మీద తెచ్చిన బ్యాంకు అప్పు, కొన్నవాడి హక్కు కన్నా ముందు వరసలో నిలిచింది. ఇలా చిక్కుకుపోయిన వాళ్ల కోసం ఆ దేశం 2015లో ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. గుర్తింపున్న దేశమైనంత మాత్రాన కాగితం చదవనక్కర్లేదని కాదు.

అసలు యజమాని అనుమతి లేకుండా భూమి కొనడం, అమ్మడం నేరమని, ఏడేళ్ల దాకా జైలు పడుతుందని సైప్రస్ రిపబ్లిక్ 2006లో తన శిక్షాస్మృతిలో చేర్చింది. ఇటీవలి ఏళ్లలో ఆ నేరానికి అరెస్టులు, జైలుశిక్షలు కూడా మొదలయ్యాయి. ఇంకోపక్క, వదిలిపోయిన ఆస్తులకు పరిహారం ఇవ్వడానికి ఉత్తరంలో పెట్టిన కమిషన్‌ను స్ట్రాస్‌బర్గ్ కోర్టు 2010 మార్చిలో సరైన దారేనని ఒప్పుకుంది. దశాబ్దాలు గడిచాక ఇప్పుడున్నవాళ్లను మూకుమ్మడిగా వెళ్లగొట్టమనడం కుదరదన్నది. అంటే ఒక న్యాయపీఠం ఒక తలుపు మూస్తే ఇంకోటి పక్క కిటికీ తీసింది. ఈ చిక్కులో చలికాలం ఎండ కోసం వచ్చినవాడు తలదూర్చి ఏం బావుకుంటాడు?

ఇదంతా ఎక్కడో సముద్రం మధ్య ద్వీపం గొడవ అనుకోవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల భూముల కేసులు తెలిసినవాళ్లు అలా అనుకోరు. దేశ విభజన వేళ పాకిస్తాన్‌కు వెళ్లిపోయినవారి ఆస్తులను 1950 నాటి చట్టం కింద ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకుంది. కాందిశీకుల భూములంటూ వాటి తగాదాలు నేటికీ మన కోర్టుల్లో నలుగుతూనే ఉన్నాయి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం సంగతీ తెలిసిందే. దాని ప్రకారం పేదవాడికి సర్కారు ఇచ్చిన భూమిని కొన్నవాడికి సాధారణంగా హక్కు రాదు. అయినా ప్లాట్లు వేసి, రాళ్లు పాతి, తోరణాలు కట్టి అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, చవకని కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. మన దేశంలో ఉన్నవాళ్లు బయటి దేశాల్లో ఆస్తి కొనడానికి ఇప్పుడు ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపుకునే వీలుంది. సముద్రం పక్కన ఇల్లు, వీసా, అద్దె గ్యారంటీ అంటూ మన నగరాల హోటళ్లలో ప్రదర్శనలు పెడుతున్నారు. ఆ దంపతులు కూర్చున్న కుర్చీ ఇప్పుడు మన ముందుకూ వచ్చింది.

మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో అమ్మేవాణ్ణి కూర్చోబెట్టి వేలిముద్రలు తీసుకుంటారు. అది చాదస్తం కాదు. ఈ నేలను నేను ఇష్టపడే వదులుకుంటున్నాను అని ఒక మనిషి చెప్పిన సాక్ష్యం. ఆ ఐదు వేళ్ల కొండ కింద 2002లో జరిగిన బేరంలో అన్నీ ఉన్నాయి, ఆ సాక్ష్యమొక్కటే లేదు.

కాబట్టి ఊరి బయటైనా సముద్రాల అవతలైనా, అమ్మేవాడి పేరున కాగితం ఉందా అని చూసి ఊరుకోకండి. అతడికి ఎవరిచ్చారు, వాళ్లకు ఎవరిచ్చారు అని లింకు డాక్యుమెంట్లు పట్టుకుని వెనక్కి నడవండి. ఆ భూమి మీద బ్యాంకు అప్పు ఉందేమో ఈసీ తీయించండి. అమ్మేవాడు చూపించే వకీలును కాక మీ సొంత వకీలును, ఆ నేల భాష చదవగలిగినవాణ్ణి, సంతకానికి ముందే పెట్టుకోండి. వెనక్కి నడిచే దారిలో ఎక్కడైనా ఒక ఇంటివాళ్లు అమ్మకుండానే భూమి చేతులు మారినట్టు కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా సరే, బయానా ఇవ్వకుండా లేచి వచ్చేయండి.